టికెట్ మీది మూడు రూపాయలు



ఇంటి ఖర్చుల పుస్తకం రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పాలవాడి లెక్క, గ్యాస్ రసీదు, కరెంటు బిల్లు, చీటీ పైసలు అన్నీ గీత గీసి మరీ రాసుకుంటాం. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ ఎందుకు పెరిగిందని లైన్‌మన్‌ని నిలదీసిన తల్లులు కూడా మనలో ఉన్నారు. కానీ సినిమా టికెట్ వెనకాముందూ ఎప్పుడైనా చదివారా? లోపలికి వెళ్ళేటప్పుడు గేటువాడు సగం చింపి ఇస్తాడు, మనం దాన్ని పిల్లాడి చేతికిస్తాం, వాడు పడవ చేస్తాడు. అంతే!

ఆ టికెట్ ధరలో హాలు బాగోగుల కోసమని మన దగ్గర విడిగా తీసుకునే సొమ్ము ఒకటుంది. దాన్ని నిర్వహణ రుసుము అంటారు, అందరి నోటా మెయింటెనెన్స్ చార్జి. 2021 డిసెంబర్‌లో మన తెలంగాణ ప్రభుత్వం సినిమా టికెట్ల ధరల మీద 120వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఏ.సి. లేని హాళ్ళలో టికెట్ 30 నుంచి 70 రూపాయల దాకా, ఏ.సి. హాళ్ళలో 50 నుంచి 150 దాకా పెట్టుకోవచ్చన్నారు. దాంతోపాటే హాలు నిర్వహణకని ఏ.సి. లేని చోట టికెట్‌కి 3 రూపాయలు, ఏ.సి. ఉన్నచోట 5 రూపాయలు తీసుకోవచ్చన్నారు. ఈ వారం మీతో చెప్పాలనుకున్నది ఆ మూడు రూపాయల సంగతే.

మూడు రూపాయలకు ఇంత రాయాలా అని నవ్వకండి. మూడు రూపాయలకు ఇవాళ కొత్తిమీర కట్ట కూడా రాదు, ఒప్పుకుంటాను. కానీ సంగతి కొంచెం లోతుగా ఉంది.

మాది మహదేవపూర్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016లో జిల్లాలు విడదీశాక భూపాలపల్లి జిల్లాలోకి వచ్చాం. కాళేశ్వరం వెళ్ళే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. గోదారీ ప్రాణహితా కలిసేచోటు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి అంటే మీకు తెలిసే ఉంటుంది. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన మా చుట్టాలు పన్నెండు రోజుల్లో మూడు విడతలుగా మా ఇంట్లో దిగారు. స్నానం, దర్శనం, భోజనం అయ్యాక ఒకావిడ చాప మీద నడుం వాలుస్తూ "ఇక్కడ సినిమా లేదా వదినా?" అనడిగింది. దసలి పట్టు నేసే ఊరు మాది, అడవి ఉంది, ఏరు ఉంది, దేవుడున్నాడు. సినిమాకి మాత్రం మేం బస్సెక్కి పట్నం వెళ్తాం. ఏ పట్నమో, ఏ హాలో పేరు రాయను. ముందు ముందు నేను దాని గురించి కాస్త ముక్కు మూసుకుని మాట్లాడాల్సి ఉంది, అక్కడ మాకు చుట్టరికాలు కూడా ఉన్నాయి.

సినిమా హాలు మగవాళ్ళకు ఒక వేడుక, అంతే. అది లేకపోతే చాయ్ హోటలుంది, కల్లు మండువ ఉంది, చెట్టుకింద అరుగుంది. మరి మనకో? గుడి ఉంది, కానీ గుడికి వెళ్తే కోరికలూ మొక్కులూ వెంట వస్తాయి. పెళ్ళి ఉంది, అక్కడా వడ్డించేది మనమే. ఆడది చేతులు కట్టుకుని కూర్చుని, ఎవరూ 'నీళ్ళు తే', 'చాయ్ పెట్టు' అని అడగకుండా మూడు గంటలు తన సుఖం తాను చూసుకునే చోటు ఊరంతటికీ అదొక్కటే. నేను ఎక్కువ చేసి చెబుతున్నానంటారా? మీ ఊళ్ళో ఇంకోటి ఉంటే చెప్పండి, వచ్చి చూస్తాను.

మా చిన్నప్పుడు నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులుండేవి. ఆడవాళ్ళకి వేరే కిటికీ, వేరే వరుస. మా వైపు 90ల్లో పొద్దుగూకితే బయట అడుగుపెట్టాలంటే భయం. అన్నలూ పోలీసులూ అంటూ ఊళ్ళు బిక్కుబిక్కుమనేవి. అందుకని ఆడవాళ్ళకు తెలిసిన ఆట మ్యాట్నీ ఒక్కటే. పొద్దున్నే వంట ముగించి, వాడకట్టులో నలుగురైదుగురు కలిసి, పల్లీలు కొంగున కట్టుకుని బయల్దేరేవారు. మా అమ్మ తెర మీద హీరోయిన్ ఏడిస్తే ఏడ్చేది, ఇంటికొచ్చాక మాత్రం 'ఆ పిల్లకు బుద్ధి లేదు' అని తిట్టేది. కాళ్ళు నొప్పులున్నా ఆవిడ సినిమాకి మాత్రం నడిచేది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొస్తాను. మా చిన్నాయన కొడుకు, నాకు అన్న వరస, ఆ పట్నంలో హాలుకెదురుగా టిఫిన్ హోటలు నడుపుతాడు. పాతికేళ్ళ నుంచీ ఉంది. ఇడ్లీ, దోసె, పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ. గల్లా పెట్టె దగ్గర కూర్చునేది అన్న, పిండి చూసుకునేది వదిన. హాల్లో సినిమా ఎలా ఆడుతోందో తెలుసుకోవాలంటే పేపరు చూడక్కర్లేదు, మా వదిన మినపప్పు ఎంత నానబెట్టిందో చూస్తే చాలు. మామూలు రోజున నాలుగు కిలోలు. పెద్ద సినిమా పడిన మొదటి ఆదివారం పది కిలోలు, అదీ సరిపోక మధ్యాహ్నం మళ్ళీ బొంబాయి రవ్వ ఉప్మాతో గట్టెక్కిన రోజులున్నాయి. సినిమా తన్నేస్తే మూడు కిలోలు, మిగిలిన పిండి పులిసిపోతే మరునాడు గుంతపొంగణాలు. (పులిసిన పిండిలో చిటికెడు చక్కెర, కాస్త సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, అల్లం వేస్తే పులుపు తెలియదని వదిన చెప్పిన చిట్కా. మీరూ చూడండి.)

2024 మే 17 నుంచి తెలంగాణలో ఒంటి తెర హాళ్ళు పది రోజులపాటు మూసేశారు, గుర్తుందా? ఎండలు, ఎన్నికలు, క్రికెట్, పైగా చెప్పుకోదగ్గ సినిమాలు లేవు. జనం రాకపోతే కరెంటు ఖర్చు కూడా రావడం లేదని యజమానులే ఆటలు ఆపుకున్నారు. ఆ పది రోజులూ వదిన రెండు కిలోలకు దిగింది. పక్కన పాన్‌షాపు అతను మధ్యాహ్నమే షెటర్ దించేవాడట. సైకిల్ స్టాండ్ ముసలాయన ఖాళీ స్టాండులో మంచం వేసుకుని పడుకున్నాడట. గాజుల కొట్టు, ఆటోలు, మక్క పేలాలమ్మే పిల్లాడు... హాలంటే నాలుగు గోడలూ ఒక తెరా అనుకుంటాం గానీ, దాని నీడన ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో ఆ పది రోజుల్లో వాళ్ళకు తెలిసొచ్చింది. 2020 మార్చిలో కరోనాకి మూసినప్పుడు లోకమంతా మూతపడింది కాబట్టి బాధ అందరిదీ అయింది. ఈసారి బాధ ఆ వీధిదే.

అందుకే మా అన్న ఒక మాట మీద గట్టిగా ఉంటాడు. హాలు బాగుకోసం టికెట్ మీద ఎంతో కొంత ఎక్కువ తీసుకోవాల్సిందేనంటాడు. తన హోటలు ధరల పట్టిక మీద అర్ధరూపాయి పెంచాలంటే ఆరు నెలలు ఆలోచించే మనిషి, ఈ విషయంలో మాత్రం మహా ఉదారుడు!

"మూడు రూపాయలు ఏ మూలకు చెల్లె? పది పెట్టనీ. హాలు నడిస్తెనే నా పెనం కాగుతది. అది మూతబడి ఫంక్షన్ హాలైందనుకో, పెండ్లిళ్ళున్న నెల తప్ప నా దుకాణం సుత మూతనే."

"నీ పెనం కాగాలని ఊరంతా పది రూపాయలియ్యాల్నా అన్నా?" అన్నాను.

"నా పెనం కొరకు గాదు. గా కుర్చీలు చూసినవా? స్ప్రింగులు పైకొచ్చినయి. గిట్లుంటే ఎవడొస్తడు? పైసలు లేకుంట ఎట్ల బాగుచేస్తరు?"

వదిన లోపల్నుంచి పిండి చేతులతో వచ్చి "కుర్చీల సంగతి సరే, ఆడోళ్ళ బాత్‌రూం సంగతి చెప్పుండ్రి ముందుగాల" అంది. అన్న కాసేపు మాట్లాడలేదు.

చూశారా, అసలు లెక్క అక్కడుంది. ఆ హాల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ లేదు. నేనూ మా అమ్మాయీ వెళ్తే ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నల్లా ఉంది, నీళ్ళు రావు. బల్బు హోల్డరుంది, బల్బు లేదు. ఇంటర్‌వెల్‌కి ముందు నుంచే మంచినీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. నలభై దాటాక మనకుండే తిప్పలు మనకుంటాయి కదా, రాతలో ఇంతకన్నా చెప్పను. మా అత్తమ్మ రెండేళ్ళ క్రితం ఒకసారి వచ్చి, "నేనింక రాను బిడ్డా, మీరు పోయిరాండ్రి" అంది. ఆవిడకు సినిమా అంటే ప్రాణం. సినిమా నచ్చక కాదు, గడియ లేక మానేసింది.

సరే, మనం ఇల్లాళ్ళం కాబట్టి ఇంటి లెక్కలాగే వేద్దాం. ఏ.సి. లేని హాలు, 400 సీట్లు అనుకోండి. రోజుకు నాలుగు ఆటలు. పెద్ద సినిమా మొదటి వారం ఆటకు 300 మంది వస్తే, టికెట్‌కి మూడు చొప్పున రోజుకు 3,600 రూపాయలు. బాగానే ఉంది. కానీ ఏడాదిలో అలాంటి వారాలు ఎన్ని? మామూలు వారంలో ఆటకు 40 మంది వచ్చారనుకోండి. రోజుకు 160 టికెట్లు, 480 రూపాయలు. నెలకు 14,400. అందులోంచి ఊడ్చేవాళ్ళకీ, మరుగుదొడ్లు కడిగేవాళ్ళకీ జీతాలివ్వాలి. మనిషికి ఎనిమిది వేలు వేసుకున్నా ఇద్దరికి పదహారు వేలు. అక్కడికే అప్పు! ఇంకా ఫినాయిల్, యాసిడ్, చీపుళ్ళు, బల్బులు, మోటారు రిపేరు, చిరిగిన సీట్లు అలాగే ఉన్నాయి.

అంటే మూడు రూపాయలు చాలాలంటే జనం రావాలి. జనం రావాలంటే ముందు ఆడవాళ్ళు రావాలి, ఎందుకంటే ఆడవాళ్ళొస్తే పిల్లలొస్తారు, ముసలివాళ్ళొస్తారు, ఒక్క టికెట్ బదులు ఐదు తెగుతాయి. ఆడవాళ్ళు రావాలంటే గడియ ఉండాలి. గడియ ఉండాలంటే పైసలుండాలి. పైసలుండాలంటే జనం రావాలి. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం!

యజమాని తప్పంతా అనడానికి నాకు నోరు రాదు. ఆయన బాధలు ఆయనవి. చిన్న ఊళ్ళ హాళ్ళు చాలావరకు సినిమాకి వారానికింతని అద్దె పద్ధతి మీద నడుస్తాయి, జనం వచ్చినా రాకపోయినా ఖర్చు మాత్రం ఆగదు. 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల హాళ్ళవాళ్ళు, వసూళ్ళలో శాతం ఇచ్చే పద్ధతి కావాలనీ, లేకపోతే జూన్ ఒకటి నుంచి మూసేస్తామనీ అన్నారు. తర్వాత ఆ మాట విరమించుకున్నారు. పెద్ద ఊళ్ళ మల్టీప్లెక్సులకు శాతం పద్ధతి ఎప్పటినుంచో ఉంది మరి.

ఇక మనలో సగంమంది అనే మాట నాకు తెలుసు. "ఇచ్చిన పైసలు దేనికిచ్చామో దానికే ఖర్చు పెడతారని ఏం నమ్మకం?" అంటారు. న్యాయమైన మాటే. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు ఊరి గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. ఆలోచన ఎంత మంచిది! వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి ఎనభై రూపాయలు పుస్తకాలకు. కానీ చాలాచోట్ల పంచాయతీలూ పురపాలికలూ వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు సరిగా కట్టక లక్షల్లో, కోట్లలో బకాయిలు పేరుకున్నాయని పేపర్లలో ఎన్నిసార్లు చదివామో. మనం కట్టాం, పుస్తకం మాత్రం రాలేదు. మూడు రూపాయల విషయంలో నా భయం కూడా అదే. అది హాలు బాగుకని తీసుకున్న పైసలు. టికెట్ పైసల్లో కలిసి ఒకే గల్లా పెట్టెలో పడితే, ఏది కరెంటుకి పోయిందో ఏది ఫినాయిల్‌కి పోయిందో ఎవరికి తెలుసు? మనింట్లో పెళ్ళి చీటీ డబ్బూ కూరగాయల డబ్బూ ఒకే డబ్బాలో వేస్తామా?

పన్నుల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను, విసుక్కోకండి. ఒకప్పుడు వినోదపు పన్ను అని ఉండేది. అందులో చాలా భాగం ఆ ఊరి స్థానిక సంస్థలకే చేరేది. 2017 జులై ఒకటిన జీఎస్టీ వచ్చాక ఆ దారి మారింది. మొదట్లో నూరు రూపాయల లోపు టికెట్‌కి 18 శాతం, అంతకు మించితే 28. 2019 జనవరి నుంచి 12, 18 చేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నూరు, ఆ లోపు టికెట్‌కి 5 శాతమే. మా అన్న దీన్ని పట్టుకున్నాడు. "పన్నెండు అయిదైంది గద చెల్లె, ఆ తగ్గిన ఏడుల రెండు రూపాయలు హాలు రిపేరుకు రాసిపెడ్తే జనానికి బరువెక్కడిది?" అంటాడు. ఎనిమిదో తరగతితో చదువాపేశాడు మా అన్న. ఆర్థిక మంత్రికి ఉత్తరం రాయమని నేనే అంటున్నాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మా అన్నాచెల్లెళ్ళ వాదన విని సెల్‌ఫోన్‌లో వెతికి ఒక సంగతి చెప్పింది, అది విన్నాక నా ఆలోచనకు ఒక దారి దొరికింది. ఫ్రాన్స్ దేశంలో ప్రతి సినిమా టికెట్ మీదా 10.72 శాతం పక్కకు తీస్తారట. నూరు రూపాయల టికెట్ అనుకుంటే పది రూపాయల డెబ్బై రెండు పైసలన్నమాట. అది ఏ హాలు డబ్బు ఆ హాలు దగ్గర ఉండిపోదు. 1946లో పెట్టిన జాతీయ సినిమా సంస్థకు చేరుతుంది. అక్కడినుంచి కొంత సినిమాలు తీయడానికి, కొంత హాళ్ళ బాగుకు వెనక్కి వస్తుంది. అందులో గొప్ప ఏమిటంటే, కట్టినదాంట్లో పెద్ద హాళ్ళకన్నా చిన్న హాళ్ళకు తిరిగి దక్కే వంతు ఎక్కువ. పారిస్‌లో టికెట్ కొన్న దొరసాని పైసలతో ఎక్కడో పల్లెలో హాలు కుర్చీలు మారతాయి. దాదాపు ఏడు కోట్లమంది ఉన్న ఆ దేశంలో సుమారు రెండు వేల సినిమా హాళ్ళున్నాయంటే ఊరికే ఉన్నాయా?

బ్రిటన్‌లో కూడా ఇలాంటిదే సంగీత కచేరీల విషయంలో జరుగుతోందని చెప్పింది. పెద్ద పెద్ద స్టేడియంలలో కచేరీ టికెట్ మీద కొంత తీసి, మూతపడుతున్న చిన్న పాటల హాళ్ళకు ఇవ్వాలని 2024లో అక్కడి పార్లమెంటు కమిటీ అడిగింది. 2025 జనవరిలో మన బొంబాయి, అహ్మదాబాద్ వచ్చి పాడిపోయిన కోల్డ్‌ప్లే బృందం కూడా ఆ ఏడాది బ్రిటన్ కచేరీల్లో తమకొచ్చే దాంట్లో పదో వంతు చిన్న హాళ్ళకిస్తామంది. చిన్న హాళ్ళలో పాడి పాడే కదా పెద్దవాళ్ళయింది!

ఇది మనకు కొత్తేం కాదండీ. మార్కెట్ యార్డులో వడ్లు అమ్మితే మార్కెట్ ఫీజు తీస్తారు, దాంతో షెడ్లూ నీళ్ళూ చూస్తారు. అమ్మేదీ కొనేదీ ఎవరైనా, షెడ్డు అందరిదీ. ఎక్కువ సరుకొచ్చిన చోటు నుంచి ఎక్కువ వస్తుంది.

మరి హైదరాబాద్ మల్టీప్లెక్సులో ఏం జరుగుతోంది? పోయినేడు మా ఆడబిడ్డ ఇంటికెళ్ళినప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళింది. టికెట్ సంగతి సరే, ఒక డబ్బా మక్క పేలాలకు పెట్టిన పైసలతో మా ఇంటికి రెండు వారాల కూరగాయలు వస్తాయి. కిలో మక్కలు మా దగ్గరెంత, ఆ డబ్బాలో గింజలెన్ని అని లెక్కేస్తూ కూర్చున్నాను, సినిమా సగం పోయింది. మావారు గుడ్లురిమారు. అక్కడివాళ్ళు ఆ టికెట్ మీద ఇంకో ఐదో పదో ఇస్తే వాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఆ ఐదు రూపాయలు మా వైపు హాలుకి వస్తే ఒక గడియ, ఒక నల్లా. నా మాట అదే. మూడు రూపాయలైతే మూడు, ఐదైతే ఐదు, పెద్ద టికెట్ మీద ఇంకొంచెం ఎక్కువ. అయితే ఏ హాలుది ఆ హాలు తినేయకుండా ఒక ఉమ్మడి కుండలో పడాలి, చిన్న ఊళ్ళకు ముందు పంచాలి, దేనికి పెట్టారో హాలు గోడ మీద రాయాలి. ముందు పెట్టాల్సింది ఆడవాళ్ళ మరుగుదొడ్డికీ, తలుపులకీ.

తలుపులంటే బయటికి పోయే తలుపుల గురించి కూడా చెబుతున్నాను. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో పొగ కమ్ముకుని 59 మంది పోయారు. దారికడ్డంగా అదనపు సీట్లు వేసి ఉండటంతో బయటికి రాలేకపోయారు. అది దూరం అనుకుంటే, 2024 డిసెంబర్ 4 రాత్రి మన హైదరాబాద్‌లోనే, కొత్త సినిమా ముందురోజు ఆటకి పిల్లలతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో ప్రాణం పోగొట్టుకుంది. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడ కూడా నాలాగే ఇంట్లో పని ముగించుకుని, పిల్లవాడి సరదా కోసం వచ్చిన మనిషే కదా. హాలు బాగంటే మెత్తటి కుర్చీ కాదు, ఏమైనా అయితే బిడ్డ చేయి పట్టుకుని బయటపడే దారి కూడా.

"ఇంతా ఎందుకమ్మా, ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి" అంటారు కొందరు. వస్తున్నాయి, నేనూ చూస్తాను. కుక్కర్ ఈలలు లెక్కపెడుతూ, ముక్కలు ముక్కలుగా, మూడు రోజులకొక సినిమా. ఇంట్లో ఐదుగురం ఐదు మూలల్లో ఐదు ఫోన్లు చూస్తాం. మా అత్తమ్మకు ఆ చిన్న అద్దంలో మొహాలే ఆనవు. ఇంకొందరు "కూలీ చేసుకునేవాళ్ళకు మూడు రూపాయలూ బరువే" అంటారు. ఐదుగురు వెళ్తే పదిహేను రూపాయలు, నిజమే. అందుకే నేల టికెట్‌లాంటి చిన్న టికెట్ మీద పెంచొద్దంటాను. ఇక్కడే నాకూ మా అన్నకూ తేడా. ఆయన అందరి మీదా పది అంటాడు, నేను పెద్ద టికెట్ మీద పది అంటాను. పండుగలకు కలిసినప్పుడల్లా ఈ పోట్లాట ఉంటుంది.

మాటలతోనే ఆగలేదు. పోయిన దసరాకు ముందు అన్న ఆ వీధి దుకాణాలవాళ్ళను కూడేశాడు. పాన్‌షాపు, గాజుల కొట్టు, సైకిల్ స్టాండ్, ఇద్దరు ఆటోవాళ్ళు. అందరూ కలిసి హాలు యజమాని దగ్గరికి వెళ్ళారు. మీరు తీసుకునే మూడు రూపాయలకు మేం అడ్డం కాదు, ఎవరైనా గొణిగితే మా దుకాణాల దగ్గర మేమే సర్దిచెబుతాం, కానీ ఆ డబ్బుకు విడిగా పుస్తకం పెట్టండి అని అడిగారు. ఏమేం కావాలో రాసివ్వమని ఆయన అంటే, మా అన్న కుర్చీలతో మొదలుపెట్టి చీటీ రాశాడు. వదిన ఆ చీటీ లాక్కుని చింపి, ఇంకోటి నాతో రాయించింది. ఒకటి, గడియ. రెండు, బల్బు. మూడు, నీళ్ళు. నాలుగు, ఇంటర్‌వెల్‌లో అక్కడ ఒక ఆడమనిషి ఉండాలి. కుర్చీలు ఏడో నంబరు.

దీపావళికల్లా గడియ వచ్చింది, బల్బు వచ్చింది. విడి పుస్తకం పెడతానన్నారు, ఇంకా చూడలేదు. నల్లాకి నీళ్ళు రావాలంటే పైన కొత్త ట్యాంకు పెట్టాలట, దానికి మూడు రూపాయలు చాలవట. ప్రస్తుతానికి ఒక డ్రమ్మూ మగ్గూ పెట్టారు. ఆడమనిషి శని ఆదివారాలు మాత్రం ఉంటోంది.

మొన్న మా అత్తమ్మకి ఈ సంగతులు చెప్పాను. "డ్రమ్ములో నీళ్ళు నింపుతున్నరా, ఉత్తగ పెట్టిన్రా?" అనడిగింది. నింపుతున్నారని వదినను ఫోన్‌లో అడిగి చెప్పాను. సంక్రాంతికి వచ్చే పెద్ద సినిమాకి ఐదు టికెట్లు తీసుకోమన్నారు మావారు. అత్తమ్మ ఇంకా ఔననలేదు, కాదనలేదు. వదిన మాత్రం ఆ వారానికి మినపప్పు పన్నెండు కిలోలు తెప్పిస్తోంది.